ఆట మధ్యలో రీస్టార్ట్: ఆ నిర్ణయం ఎవరిది?

గేమ్ మంచి పట్టులో ఉంటుంది. ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది. నీలం తెర రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు, కాలిన వాసనా రాదు. కొన్ని సెకన్లలో మదర్‌బోర్డు కంపెనీ లోగో కనిపిస్తుంది, ఏమీ జరగనట్టు విండోస్ మళ్లీ మొదలవుతుంది. పాత గ్రాఫిక్స్ కార్డుతో ఏళ్ల తరబడి నిలకడగా నడిచిన సిస్టమ్ కొత్త కార్డు పెట్టిన వారంలోనే ఇలా చేస్తే అనుమానం నేరుగా కొత్త కార్డు మీదికే పోతుంది. దాన్ని వెనక్కి ఇచ్చి ఇంకోటి తెస్తారు. అదీ అలాగే చేస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్డ్ సిస్టమ్‌లు కట్టే కుర్రాళ్లను అడిగితే ఈ కథ నిద్రలో కూడా చెబుతారు.

కంప్యూటర్ ఊరికే రీస్టార్ట్ అవ్వదు. లోపల ఏదో ఒక భాగం "ఇక ఇలా నడపడం క్షేమం కాదు" అని తేల్చుకుంటేనే అవుతుంది. ఆ తీర్పు ఇచ్చే అధికారం ప్రధానంగా మూడింటికి ఉంది: కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, విండోస్. ఏది ఆపితే దాని గుర్తులు వేరుగా ఉంటాయి. ఆ గుర్తులు చదవడం వస్తే సగం డబ్బు మిగులుతుంది, సగం తలనొప్పి తప్పుతుంది. ఇంకో సంగతి కూడా మొదటే చెప్పాలి. కొత్త భాగం పెట్టాక వచ్చిన తిప్పల్లో తప్పు చాలాసార్లు పాత భాగానిదే. అన్నేళ్లూ దాని మీద పడని బరువు ఇప్పుడు పడుతోంది, అంతే తేడా.

బూడిద రంగు వైరు

ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు 24 పిన్నుల లావుపాటి కేబుల్ ఒకటి వెళ్తుంది. రంగు వైర్లున్న రకమైతే అందులో పసుపు, ఎరుపు, నారింజ, నలుపు వైర్ల నడుమ బూడిద రంగు వైరు ఒక్కటే కనిపిస్తుంది. యంత్రాన్ని నడిపే కరెంటు దాంట్లో రాదు, ఒక కబురు మాత్రం వస్తుంది: వోల్టేజీలన్నీ హద్దులో ఉన్నాయని. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంలో దీన్ని పవర్ ఓకే అంటారు, పాతవాళ్లు పవర్ గుడ్ అంటారు. స్విచ్ నొక్కగానే ప్రాసెసర్ పనిలోకి దిగదు. వోల్టేజీలు కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 500 మిల్లీ సెకన్ల వరకు ఆగి, ఈ వైరు మీద 5 వోల్టులు పెడుతుంది. అప్పటిదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది.

ఆట నడుస్తుండగా ఆ 5 వోల్టులు క్షణకాలం పడిపోయినా మదర్‌బోర్డు చేసేది అదే పని: ప్రాసెసర్‌ను రీసెట్‌లోకి నెట్టేస్తుంది. విండోస్‌కు ఒక ముక్క చెప్పే వ్యవధి కూడా ఉండదు. నీలం తెర రాకపోవడానికి కారణం ఇదే. 12 వోల్టుల లైనుకు ఏటీఎక్స్ ప్రమాణం ఏళ్లుగా ఇచ్చిన వెసులుబాటు అటూ ఇటూ 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 వోల్టులు. అంతకన్నా దిగజారిన వోల్టేజీ మీద యంత్రాన్ని నడవనిస్తే ర్యామ్‌లో ఒకట్లు సున్నాలవుతాయి, డిస్కు మీద రాస్తున్న ఫైళ్లు చెడతాయి. ఆట పోయింది కానీ, రీసెట్ కాపాడింది మీ ఫైళ్లను.

ఎస్‌ఎంపీఎస్‌కు ఇంకో అస్త్రం ఉంది. తన శక్తికి మించి కరెంటు లాగుతున్నారనిపిస్తే అది పూర్తిగా ట్రిప్ అవుతుంది. అప్పుడు యంత్రం రీస్టార్ట్ అవ్వదు, ఆరిపోతుంది. ముందున్న బటన్ ఎంత నొక్కినా పలకదు. వెనక ఉన్న నల్ల స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తే గానీ లేవదు. ఈ రెండు తీర్లకూ తేడా గమనించి పెట్టుకోవాలి. ఆరిపోయి మొండికేస్తే దాదాపు ఖాయంగా ఎస్‌ఎంపీఎస్ రక్షణ వలయం పని. వెంటనే దానంతటది లేచిందంటే బూడిద వైరు గానీ, ప్రాసెసర్ గానీ, విండోస్ గానీ కావచ్చు. కొన్ని మదర్‌బోర్డులు మాత్రం ఆరిపోయాక మళ్లీ లేపడానికి తామే ప్రయత్నిస్తాయి కాబట్టి ఈ ఒక్క గుర్తు మీదే తీర్పు చెప్పేయకూడదు.

సగటు వాట్లు చెప్పని సంగతి

జీటీఎక్స్ 1650 లాంటి కార్డు 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అది మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగినంతే, అందుకే చాలా 1650 కార్డులకు విడిగా పవర్ కేబుల్ ఉండదు. 2020 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 లెక్క 320 వాట్లు. "నా ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది. కార్డుకు 320, ప్రాసెసర్‌కు 90, మిగతా వాటికి 50 వేసుకున్నా ఇంకా మిగులుతుంది కదా" అని లెక్కలేసుకునేవాళ్లు ఎందరో. కూడిక తప్పు కాదు. కూడిన అంకెలు సగటులు. చిక్కంతా అక్కడే ఉంది.

గ్రాఫిక్స్ చిప్ నడిచేది సుమారు 1 వోల్టు మీద. అంత తక్కువ వోల్టేజీ మీద 250 వాట్లు కావాలంటే 250 ఆంపియర్లు పారాలి. మన ఇళ్లలో మెయిన్ ఎంసీబీ 32 ఆంపియర్లదో 40 ఆంపియర్లదో ఉంటుంది, ఇంటి మొత్తానికి. అగ్గిపెట్టెను మించిన పరిమాణం లేని సిలికాన్ ముక్కలోకి దానికి ఎన్నో రెట్ల కరెంటు వెళ్తోందన్నమాట. కార్డు మీద వరసగా ఉండే చిన్న చిన్న కాయిళ్లు, చిప్పులు 12 వోల్టులను 1 వోల్టుకు దించి ఈ పని చేస్తాయి.

పైగా ఈ కరెంటు నిలకడగా పారదు. 144 ఫ్రేముల వేగంతో ఆట నడుస్తుంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 7 మిల్లీ సెకన్లు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలోనే వేల కొద్దీ లెక్కింపు కోర్లు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి, ప్రాసెసర్ నుంచి తరువాతి ఆదేశాలు వచ్చేదాకా ఖాళీగా ఉంటాయి, మళ్లీ దిగుతాయి. చిప్ ఖర్చు చేసే శక్తి వోల్టేజీ వర్గానికీ, క్లాక్ వేగానికీ అనుపాతంలో ఉంటుంది. ఖాళీ దొరికిందని చిప్ వేగం, వోల్టేజీ పెంచుకున్న సమయంలోనే భారీ దృశ్యం వచ్చి పడితే లోడ్ కొన్ని మైక్రో సెకన్లలో శిఖరానికి ఎగబాకుతుంది. వైరులో కరెంటు అంత వేగంగా మారబోతే వైరు స్వభావమే దాన్ని అడ్డుకుంటుంది. ఇండక్టెన్స్ అని ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నది ఇదే. కరెంటు మారే వేగం ఎంత ఎక్కువైతే వోల్టేజీ అంత కుంగుతుంది. ఆ క్షణంలో ఆదుకునేవి కెపాసిటర్లు. మోటారు ఆగినా మిద్దె మీది ట్యాంకు కుళాయికి నీళ్లిచ్చినట్టు, వెనక నుంచి కరెంటు అందేలోపు అవి తమలోని నిల్వను ఖర్చు పెడతాయి. నిల్వ చాలకపోతే 12 వోల్టులు 11.4 కిందికి జారతాయి, బూడిద వైరు పడిపోతుంది.

మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇదేమీ కనిపించదు. అది సెకనుకు ఒకటి రెండుసార్లు కొలుస్తుంది. 100 మైక్రో సెకన్ల కుదుపులు ఒక్క సెకనులో పదివేలు ఇమిడిపోతాయి. మల్టీమీటరూ అంతే, అది చూపేది సగటే. ఓసిల్లోస్కోప్ ఉంటే తప్ప ఆ కుదుపు కంటికి దొరకదు. "12 వోల్టులు సరిగ్గానే ఉన్నాయి, చూశాను" అని ఎవరైనా అంటే, ఆయన చూసింది నిజమే, కానీ అసలు సంగతి ఆయన చూపుకు అందలేదని అర్థం.

పరిశ్రమ కూడా ఈ సంగతిని గుర్తించి కాగితం మీద పెట్టింది. 2022 ఫిబ్రవరిలో ఇంటెల్ విడుదల చేసిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం, కొత్త రకం కార్డుల కోసం తయారైన ఎస్‌ఎంపీఎస్ తన మీద రాసిన వాట్లకు రెట్టింపు లోడ్‌ను 100 మైక్రో సెకన్ల పాటు తట్టుకోవాలి. 180 శాతమైతే 1 మిల్లీ సెకను, 160 శాతమైతే 10, 120 శాతమైతే 100 మిల్లీ సెకన్లు. అంతకుముందు తయారైన వాటికి ఈ నిబంధన లేదు. అందుకే ఎంతో పేరున్న పాత ఎస్‌ఎంపీఎస్‌లు కూడా 3080, 3090 తరం కార్డులు వచ్చాక ఆట మధ్యలో ట్రిప్ అయ్యాయి. వాటి రక్షణ వలయాలు చురుకైనవి, హద్దు దాటితే ఊరుకోవు. రక్షణ వలయమే లేని నాసిరకం సరుకు అదే కుదుపును ఏమీ పట్టనట్టు మింగేసి, ఒకరోజు ఏకంగా మదర్‌బోర్డునే తీసుకుపోతుంది. ట్రిప్ అయినదాన్ని చెడ్డదనడం నాకు న్యాయంగా అనిపించదు. దాని హద్దుకు మించిన పని మనం చెప్పాం.

ఫర్‌మార్క్ లాంటి పరీక్ష అరగంట నడిపినా ఏమీ కాని సిస్టమ్, ఆటలో పది నిమిషాలకే పడిపోవడం కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఆ పరీక్ష ఒకే బరువును నిలకడగా మోపుతుంది, ఆట నిమిషానికోలా ఎగుడుదిగుడుగా కుదుపుతుంది. దృశ్యం మారే చోట, మ్యాప్ లోడ్ అయ్యే చోట, ఫ్రేముల మీద హద్దు లేని మెనూ తెర దగ్గర రీస్టార్ట్‌లు ఎక్కువగా వస్తుంటే కరెంటు సరఫరా వైపే చూడాలి.

డబ్బా పక్కన ఉన్న పట్టిక

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు వదిలేసి, కింద ఉన్న చిన్న పట్టిక చదవండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని ఉందో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ గడి మీదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే కొన్నింటి మీద 450 అని ఉంటుంది, పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటాయి. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. మిగతాదంతా నేటి కంప్యూటర్ పెద్దగా వాడుకోని 5, 3.3 వోల్టుల లైన్లలో పంచి రాసిన అంకె.

80 ప్లస్ ముద్ర చూసి ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. 2004లో మొదలైన ఆ ముద్ర సామర్థ్యానికి సంబంధించింది: గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వేడిగా వృథా పోకుండా లోపలికి చేరుతుందో చెబుతుంది. హఠాత్తుగా వచ్చే కుదుపును ఎలా తట్టుకుంటుందో చెప్పదు. వయసు సంగతి అసలే చెప్పదు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క వాడతారు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్ అడుగున ఆరేడేళ్లు పనిచేసిన ఎస్‌ఎంపీఎస్ మీద 650 అని రాసి ఉన్నా, ఈ రోజు దాని సత్తా అంత ఉందని నమ్మలేం.

కేబుళ్ల విషయం చిన్నదే కానీ ఖర్చు లేనిది, అందుకే ముందు అదే చూడాలి. 8 పిన్నుల కేబుల్ ఒక్కోటి 150 వాట్లకు లెక్క. చాలా కేబుళ్లకు చివర రెండు తలలుంటాయి, కార్డులోని రెండు గుంతలకూ ఒకే కేబుల్ తగిలించేస్తారు. 300 వాట్లు ఒకే దారిలో వెళ్తే వోల్టేజీ ఇంకాస్త కుంగుతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు లాగాలి. 600 వాట్లు మోసే కొత్త 16 పిన్నుల కనెక్టరైతే క్లిక్‌మనేదాకా లోపలికి పోయిందో లేదో కళ్లతో చూసుకోవాలి. 2022 అక్టోబరులో 4090 కార్డులు వచ్చిన కొత్తలో ఆ కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, తరువాత దాని డిజైన్‌నే సవరించారు.

గోడ అవతల

మన ప్రాంతంలో ఇంకో అనుమానితుణ్ని మరవకూడదు: కరెంటు రెప్పపాటు పోయి రావడం. ట్యూబ్‌లైటు ఒక్కసారి కొట్టుకుంటుంది, ఫ్యాను ఆగదు. పాత కార్డుతో కంప్యూటరూ ఆగేది కాదు. ఇప్పుడు ఆగుతోంది. ఎందుకని?

ఎస్‌ఎంపీఎస్ లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి సుమారు 380 వోల్టుల వద్ద కరెంటును నిల్వ ఉంచుతుంది. అది 330 మైక్రోఫారాడ్లది అనుకుందాం. దాని నిల్వ 24 జౌళ్ల దాకా వస్తుంది. వోల్టేజీ 300కి దిగేవరకే వాడుకోవడం కుదురుతుందనుకుంటే చేతికందేది అందులో 9 జౌళ్లు. సిస్టమ్ 150 వాట్లు తీసుకుంటుంటే ఆ 9 జౌళ్లు 60 మిల్లీ సెకన్లు వస్తాయి. 500 వాట్లు తీసుకుంటుంటే 18 మిల్లీ సెకన్లకే అయిపోతాయి. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తికి పట్టే కాలం 20 మిల్లీ సెకన్లు. పాత కార్డుతో మూడు ఆవృత్తులు కరెంటు లేకపోయినా నెట్టుకొచ్చిన యంత్రం, కొత్త కార్డుతో ఒక్క ఆవృత్తి తప్పినా నిలవలేదు. ఏటీఎక్స్ ప్రమాణం చాలాకాలం అడిగింది కూడా పూర్తి లోడ్ మీద 16 మిల్లీ సెకన్లే. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మారలేదు, ఎస్‌ఎంపీఎస్ మారలేదు, అయినా ఫలితం మారింది.

యూపీఎస్ ఉంది కదా అంటారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 600 వీఏ రకం. దాని వెనక వాట్లలో ఎంతని ఉందో చూస్తే సాధారణంగా 360. కొత్త కార్డు వచ్చాక సిస్టమ్ ఒక్కటే దాన్ని దాటిపోతుంది. కరెంటు ఉన్నంతసేపు ఏదోలా నడిపిస్తుంది, పోయిన మరుక్షణం ఓవర్‌లోడ్ అని కూసి చేతులెత్తేస్తుంది. కొన్నయితే కరెంటు ఉండగానే కట్ చేస్తాయి. రిలేలతో టపటపమనే స్టెబిలైజర్లు కూడా మెట్టు మారేటప్పుడు క్షణకాలం సరఫరాను తెంచుతాయి. కాబట్టి పరీక్ష రోజుల్లో యూపీఎస్, స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు అన్నీ పక్కనపెట్టి, గోడలోని గట్టి సాకెట్‌కు నేరుగా తగిలించి చూడటం మంచిది.

ప్రాసెసర్ తానే ఆపినప్పుడు

ఇప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరవాలి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగంలో ఎర్ర గుర్తుతో "కెర్నెల్ పవర్ 41" అని కనిపిస్తుంది. దాన్ని చూడగానే "పవర్ సమస్య అని కంప్యూటరే చెప్పింది" అని చాలామంది ఎస్‌ఎంపీఎస్ కొనడానికి బయలుదేరతారు. 41 అనేది విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న చీటీ మాత్రమే: పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు అని. స్విచ్ పీకేసినా అదే వస్తుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే గడి ఉంటుంది. అందులో సున్నా ఉంటే విండోస్‌కు నీలం తెర వేసే అవకాశమే రాలేదని గ్రహించాలి. వేరే అంకె ఉంటే ఆపింది విండోస్.

దాని చుట్టుపక్కల "డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ 18" అనే నమోదు ఉందేమో వెతకాలి. ఉంటే కథ మారిపోతుంది. ప్రాసెసర్ తన లోపలి లెక్కలను తానే సరిచూసుకుంటూ ఉంటుంది. క్యాష్ మెమరీలో గానీ, భాగాల మధ్య దారుల్లో గానీ దిద్దుకోలేని తప్పు దొరికితే మెషీన్ చెక్ అనే సంకేతమిచ్చి యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ నమోదులో ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది, తప్పు ఏ కోరులో జరిగిందో చెబుతుంది. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే ఆ ఒక్క కోరు బలహీనంగా ఉందని అనుమానించాలి. అంకెలు మారుతుంటే వోల్టేజీ, ర్యామ్, బయోస్ సెట్టింగులు ముందు వరసలోకి వస్తాయి.

ప్రాసెసర్‌దే తప్పని తేలిన పెద్ద ఉదంతం ఇంటెల్ 13, 14 తరాలది. శక్తివంతమైన మోడళ్లలో ఆటలు కూలిపోవడం, సిస్టమ్‌లు పడిపోవడం 2024లో పెద్ద రగడ అయింది. వింతేమిటంటే కొన్ని ఆటలు "వీడియో మెమరీ చాలడం లేదు" అని చూపించేవి, పాపం జనం గ్రాఫిక్స్ కార్డులు మార్చుకున్నారు. ప్రాసెసర్ తనకు అక్కరకు మించిన వోల్టేజీ అడుగుతోందనీ, ఆ వోల్టేజీకి వేడి తోడై కోరులోని క్లాక్ వలయం అరిగిపోతోందనీ ఇంటెల్ ఆ ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయోస్ అప్‌డేట్‌తో కొత్త నష్టం ఆగుతుంది గానీ, అప్పటికే అరిగిన చిప్ బాగుపడదు. ఆ తరాల సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొన్నవాళ్లు ఇది గుర్తుంచుకుని తీరాలి.

ర్యామ్ పెంచాక మొదలైన రీస్టార్ట్‌లకు వేరే తర్కం. ప్యాకెట్ మీద 3600 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ తగిలించగానే ఆ వేగంతో నడవదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ వేస్తే 1.2 వోల్టుల బదులు సాధారణంగా 1.35 వోల్టులు తీసుకుని ఆ వేగం అందుకుంటుంది. అది ఒక రకం ఓవర్‌క్లాకింగే, ప్రాసెసర్ కంపెనీ హామీలో లేనిది. ఉన్న రెండింటికి మరో రెండు చేర్చితే మెమరీ కంట్రోలర్ మీద బరువు ఇంకా పెరుగుతుంది. రైజెన్ 7000 వరసకు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగాలే చూడండి: రెండు డీడీఆర్5 ర్యామ్‌లతో 5200, నాలుగింటితో 3600. పాతవి రెండూ బాగున్నాయి, కొత్తవి రెండూ బాగున్నాయి, నాలుగూ కలిస్తే నిలవడం లేదు. ఎక్స్‌ఎంపీ తీసేసి కొన్ని రోజులు ఆడుకోవాలి, మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రి నడపాలి. ఖర్చు లేదు, జవాబు దొరుకుతుంది.

వేడి గురించి రెండు మాటలు చాలు. థర్మల్ పేస్ట్ చవక కాబట్టి అందరూ ముందు దాన్నే మారుస్తారు. ప్రాసెసర్ వేడెక్కితే మొదట వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే యంత్రాన్ని ఆర్పేస్తుంది. రీస్టార్ట్ చేయడం దాని పద్ధతి కాదు. కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయారేమో చూసుకుని ముందుకు సాగాలి.

విండోస్ ఆపినప్పుడు

నీలం తెర వచ్చిన క్షణంలోనే మాయమయ్యేలా విండోస్‌లో ఒక సెట్టింగ్ ముందుగానే వేసి ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" ముందున్న టిక్కు తీసేస్తే ఆ తెర నిలబడుతుంది, కోడ్ చదువుకోవచ్చు. చాలావరకు డ్రైవర్ల గొడవే. పాత కార్డు డ్రైవర్లను శుభ్రంగా తుడిచి కొత్తవి వేయాలి.

గ్రాఫిక్స్ కార్డే నిజంగా చెడితే లక్షణాలు ఎలా ఉంటాయి? తెర మీద గళ్లు, గీతలు పడతాయి. లేదా చిత్రం రెండు సెకన్లు బిగుసుకుని ఆట మూసుకుపోతుంది, డెస్క్‌టాప్ మిగులుతుంది. కార్డు పలకకపోతే విండోస్ రెండు సెకన్లు చూసి డ్రైవర్‌ను మళ్లీ లేపుతుంది, అందుకే ఆ విరామం. 3080 కార్డులు వచ్చిన మొదటి వారాల్లో ఆటలు ఇలాగే డెస్క్‌టాప్‌కు పడిపోతుంటే, ఎన్విడియా అదే నెలలో కొత్త డ్రైవర్ ఇచ్చి చాలావరకు చక్కదిద్దింది. తెర మీద ఏ మచ్చా లేకుండా యంత్రమంతా ఒక్కసారే రీసెట్ అయితే కార్డు పోయిందనడానికి అది బలహీనమైన సాక్ష్యం.

ఒక సిస్టమ్, ఒక సాయంత్రం

మా మేనల్లుడు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆరు కోర్ల రైజెన్, 1650 కార్డుతో నడిచే సిస్టమ్‌కు సెకండ్‌హ్యాండ్ 3080 తెచ్చి పెట్టుకున్నాడు. "మామయ్యా, కార్డు పోయింది, అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు" అన్నాడు ఏడుపు గొంతుతో. "కార్డు జోలికి పోకురా, ముందు 41 తెరిచి బగ్‌చెక్ కోడ్ చదువు" అన్నాను. సున్నా. డబ్ల్యూహెచ్ఈఏ నమోదు ఒక్కటీ లేదు. అంటే విండోస్ కాదు, ప్రాసెసరూ కాకపోవచ్చు. యూపీఎస్ తప్పించి గోడకు తగిలించినా మార్పు లేదు.

తరువాత చేయించింది నాకు బాగా ఇష్టమైన పరీక్ష. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించమన్నాను. 320 వాట్ల కార్డు 224 దగ్గర ఆగుతుంది. ఫ్రేములను 60కి కట్టేయమన్నాను. అదే ఆట, అదే మ్యాప్. రాత్రి పొద్దుపోయేదాకా ఆడాడు, రీస్టార్ట్ రాలేదు. ఇంతటితో ఎస్‌ఎంపీఎస్ దోషి అని తేల్చేయడానికి లేదు, ఎందుకంటే పవర్ తగ్గితే వేడీ తగ్గుతుంది, చిప్ వేగమూ తగ్గుతుంది. బలహీనమైన చిప్ కూడా తక్కువ వేగంలో బాగానే నడుస్తుంది. అందుకని లిమిట్ మళ్లీ 100కు పెంచి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోతో కొలతలన్నీ ఫైలులోకి రాయిస్తూ ఆడమన్నాను. పడిపోయాక ఆ ఫైలు చివరి వరస చదివితే కార్డు 72 డిగ్రీల దగ్గరుంది, భయపడాల్సిన వేడి కాదు. ప్రాసెసర్ ఒక్కదాన్నే పరుగెత్తిస్తే పడలేదు, కార్డు ఒక్కదాన్నే నిలకడగా నడిపినా పడలేదు, రెండూ కలిసిన ఆటలోనే పడుతోంది. రెండు తలల కేబుల్ తీసి విడి కేబుళ్లు వేశాక రీస్టార్ట్‌లు పలచబడ్డాయి, ఆగలేదు. చివరికి స్నేహితుడి దగ్గర 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఒక రోజుకు అరువు తెచ్చి పెట్టాడు. పూర్తి పవర్ మీద, ఫ్రేముల హద్దు తీసేసి ఆడినా సిస్టమ్ కదల్లేదు. ఆ కార్డుకు ఎన్విడియా సూచించిన ఎస్‌ఎంపీఎస్ కూడా 750 వాట్లదే, వాడి దగ్గరున్నది 550.

ఒకసారికి ఒక్క మార్పే చేయించాను, అదొక్కటే కష్టమైన నియమం. కేబులూ ర్యామూ బయోసూ ఒకేసారి మారిస్తే సమస్య పోయినా కారణం తెలియదు, నెల తరువాత తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి వెతకాలి. అరువు దొరకనివాళ్లు సిస్టమ్ కట్టిన దుకాణానికే తీసుకెళ్లి వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడమని అడగొచ్చు. తమ ఆటను తామే వెంట తీసుకెళ్లాలి. దుకాణంలో పది నిమిషాలు డెస్క్‌టాప్ చూపించి "బాగానే ఉంది" అంటే అది పరీక్ష కాదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టేవాళ్లకు చివరగా ఒక హెచ్చరిక. మాడ్యులర్ రకమైతే, పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక చక్కగా కట్టేసి ఉన్నాయి కదా అని వాటినే కొత్త డబ్బాకు గుచ్చకండి. కార్డు, డిస్కుల వైపు పిన్నుల అమరిక అన్ని కంపెనీలదీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు. ప్లగ్ చక్కగా దూరుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి, డిస్కు అక్కడికక్కడే పోతుంది. పాత కేబుళ్లన్నీ పీకేసి, కొత్త పెట్టెలో వచ్చినవే వాడాలి.